మీ విలువలకు సరిపడే మనిషిని ఎంచుకోవడం ఎలా: అనంతపురం అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక మార్గదర్శి

అనంతపురంలో ఒక సంబంధం వచ్చిందంటే మొదటి గంటలో అడిగే ప్రశ్నలు అందరికీ కంఠతా వచ్చు. కులం సరే, అందులో ఏ శాఖ? ప్యాకేజీ ఎంత? ఊళ్లో ఎన్నెకరాలు, బోరులో నీళ్లున్నాయా? బెంగళూరులో ఫ్లాటుందా, సాయినగర్‌లో సొంతిల్లా? పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు ఇంకా ఎంతమంది? ఇవి పనికిరాని ప్రశ్నలని నేను అనను. బోరులో నీళ్లుండడం ఈ జిల్లాలో చిన్న విషయం కాదు. కానీ వీటన్నిటికీ జవాబులు వచ్చాక కూడా, ఆ మనిషికి కోపమొస్తే ఏం చేస్తాడో, అప్పు చేసే ముందు భార్యకు చెప్తాడో లేదో, ఆమె తన తల్లిదండ్రులకు డబ్బు పంపాలంటే ఎవరిని అడగాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు. పెళ్లయ్యాక రోజూ ఎదురయ్యేవి మాత్రం అవే.

ప్రేమించి చేసుకునేవాళ్లకూ ఈ ఇబ్బంది తప్పదు. ఫ్రెండ్సందరూ జోడీ అదిరిందన్నారని, ఫోటో పెడితే లైకులు వచ్చాయని ముందుకెళ్తే అదీ పదిమంది మెప్పు కోసం చేసిన ఎంపికే. అందుకే పెద్దలు చూసిన సంబంధమైనా, మీరు చూసుకున్న మనిషైనా కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. చాలామంది మనిషి నచ్చాక విలువలు వెతుక్కుంటారు. అప్పటికి ఆ మనిషిలో ఉన్నవే తమ విలువలని మనసు ఒప్పించేసి ఉంటుంది.

మొదటి అడుగు: ఎవరి మాటకు భయపడుతున్నారో పేర్లతో రాయండి

ఒక కాగితం తీసుకోండి. "అందరూ ఏమనుకుంటారో" అనే భయాన్ని పేర్లు లేకుండా వదిలేస్తే అది ఊరంత పెరుగుతుంది. అమ్మ, నాన్న, జేజి, పెద్దనాన్న, కదిరిలో ఉన్న మేనత్త, ఎదురింటి టీచరమ్మ, కులసంఘంలో నాన్న స్నేహితుడు, కాలేజీ వాట్సాప్ గ్రూపు... ఎవరు గుర్తొస్తే వాళ్ల పేరు రాయండి.

ఇప్పుడు ఒక్కో పేరు పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ పెళ్లి బాగున్నా, చెడినా ఆ ఫలితం వాళ్ల రోజువారీ బతుకు మీద పడుతుందా? మీ స్వభావం వాళ్లకు నిజంగా తెలుసా? మీకు కష్టమొస్తే రాత్రి పదకొండింటికి ఫోన్ చేయగలిగే మనుషులేనా? మూడింటికీ అవునని వచ్చే పేర్లు చాలా తక్కువ ఉంటాయి. వాళ్ల అభ్యంతరాలు వినాలి, జవాబు చెప్పాలి. మూడింటికీ కాదని వచ్చినవాళ్లను పెళ్లికి మర్యాదగా పిలవండి, భోజనం పెట్టి పంపండి. నిర్ణయంలోకి మాత్రం రానివ్వకండి.

చిక్కంతా మధ్యలోవాళ్లతోనే. మీకు నాన్న ముఖ్యం, నాన్నకు కులసంఘం స్నేహితుడి మాట ముఖ్యం. అలాంటప్పుడు ఆ స్నేహితుడిని ఒప్పించాలని తిరగకండి. ఆయన దూరమైతే నాన్న ఏం పోగొట్టుకుంటారో తెలుసుకోండి. పంచాయితీల్లో నాన్న పక్కన నిలబడేది ఆయనేనేమో. బోరు ఎండిపోయిన ఏడాది వడ్డీ లేకుండా డబ్బు సర్దింది ఆయనేనేమో. అది తెలిస్తే నాన్నతో మీరు మాట్లాడే తీరే మారుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఇంట్లోవాళ్ల మీద కోపంతో, వాళ్లు వద్దన్నారన్న పంతంతో ఒకరిని ఎంచుకుంటే, అక్కడా మీ ఎంపికను నడిపిస్తున్నది వాళ్లే. "వీళ్లంతా రేపే సరేనంటే నాకు ఈ మనిషి ఇంతే కావాలా?" అని ఒకసారి ఒంటరిగా కూర్చుని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు తడబడితే ఆగండి.

రెండో అడుగు: మీ విలువల్ని పనుల్లోకి దించి రాయండి

"మంచి మనిషి కావాలి, అర్థం చేసుకునేవాళ్లు కావాలి" అని అందరూ అంటారు. ఆ మాటలతో ఎవరినీ ఎంచుకోలేం, ఎవరినీ వద్దనలేం. మీరు ఇప్పుడు బతుకుతున్న తీరులో వెతికితే విలువలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. ఫోన్‌పే తెరిచి గత ఆరు నెలల ఖర్చు చూడండి. ఎవరికి అడక్కుండానే పంపారు? దేనికి ఖర్చు పెట్టినప్పుడు మనసు నొచ్చుకోలేదు? ఈ మధ్య మీకు నిజంగా ఒళ్లు మండిన సందర్భాలు గుర్తు చేసుకోండి. ఆఫీసులో ఒకరి కష్టాన్ని మరొకరు తమదని చెప్పుకున్నప్పుడా, అమ్మను ఎవరో తీసిపారేసినట్టు మాట్లాడినప్పుడా, ఇస్తానన్న మాట తప్పినప్పుడా? మీకు కోపం తెప్పించే విషయాల వెనకే మీరు వదులుకోలేనివి ఉంటాయి.

వాటిని పనుల్లా రాయండి. "నిజాయితీ" అని రాస్తే సరిపోదు, "డబ్బు విషయం దాచకూడదు, చిన్నదైనా సరే" అని రాయండి. "గౌరవం" అని కాకుండా "పదిమందిలో నన్ను తక్కువ చేసి జోకులెయ్యకూడదు" అని రాయండి. అప్పుడు ఎదుటి మనిషిలో అది ఉందో లేదో చూడగలుగుతారు. ఇలా రాసినవాటిలో లేకపోతే బతకలేననిపించేవి ఐదు దాటకూడదు. మిగతావి ఇష్టాలు. రంగు, ఎత్తు, పాటల ఇష్టం, ట్రెక్కింగు లాంటివి ఇష్టాల్లోకే వస్తాయి. ఉంటే సంతోషం, లేకపోయినా పెళ్లి నిలబడుతుంది.

విలువలు కలిస్తే మిగతా తేడాలు ఎంత దూరం దాటొచ్చో అనంతపురం దగ్గరి నుంచి చూసింది. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ పేదల కోసం ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పని మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో పుట్టిన జర్నలిస్టు ఆన్ ఆ పనిలో చేరారు. ఆయన క్రైస్తవ సన్యాస సంఘాన్ని విడిచిపెట్టారు, 1970లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. సంఘాన్ని వదిలి పెళ్లి చేసుకున్న మనిషిని ఆ రోజుల్లో ఎంతమంది మెచ్చుకుని ఉంటారు? దేశం వేరు, భాష వేరు. పేదల ఊళ్లలో ఉండి పనిచేయాలన్న పట్టుదల ఒక్కటే. 2009లో ఆయన చనిపోయేదాకా ఆ పని కలిసే చేశారు. మీకు అంత పెద్ద పని ఉండక్కర్లేదు. "మా ఇద్దరం ఏ విషయంలో ఒకే వైపు ఉన్నాం?" అన్న ప్రశ్నకు మాత్రం మీ దగ్గరా ఒక జవాబు ఉండాలి.

మూడో అడుగు: మన దగ్గర కాపురాలు తగువు పడే చోట్ల ముందే మాట్లాడండి

ఈ మార్గదర్శిలో ఎక్కువ సమయం పెట్టాల్సిన అడుగు ఇదే. ఒక్క సాయంత్రంలో అయిపోదు, అయిపోవాలని తొందరపడొద్దు కూడా.

అప్పు. వానలు తక్కువగా పడే జిల్లా మనది. శెనక్కాయ పంట పోయి, బోరు మీద బోరు వేసి, బంగారం బ్యాంకులో కుదువ పెట్టిన ఇళ్లు ఎన్నో. కాబట్టి అప్పు ఉండడం తప్పు కాదు, దాచడం తప్పు. "ఇంటి మీద అప్పెంత? చీటీలెన్ని కడుతున్నారు? పెళ్లయ్యాక ఇది ఎవరి జీతంలోంచి పోతుంది?" అని నేరుగా అడగండి, ముందు మీ లెక్క మీరు చెప్పి. పది లక్షల అప్పుందని లెక్కతో సహా చెప్పిన మనిషిని నేను నమ్ముతాను. "అవన్నీ నీకెందుకులే, నేను చూసుకుంటా" అన్నవాళ్ల దగ్గర ఆలోచించాలి. ఆన్‌లైన్ బెట్టింగ్, రమ్మీ అలవాట్ల గురించి కూడా అడగండి. మొహమాటపడితే తర్వాత ఏడ్వాల్సి వస్తుంది.

ఆడపిల్ల వాటా. అబ్బాయిని ఇలా అడగండి: "మీ నాన్నగారి పొలంలో మీ అక్కకు భాగం ఇచ్చారా?" హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. అయినా "పెళ్లికి పెట్టాం కదా, పసుపు కుంకుమ కింద అయిపోయింది" అనే మాట మన ఊళ్లలో ఇంకా చెల్లుబాటవుతోంది. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులో ఆడవాళ్ల గురించి అతను ఏమనుకుంటాడో చాలావరకు తెలిసిపోతుంది. అమ్మాయిలూ, మిమ్మల్నీ ఒకటి అడగాలి. పుట్టింట్లో మీ వాటా మీకు కావాలనుకుంటూ, అత్తింట్లో ఆడబిడ్డ వాటా అడిగితే ముఖం మాడ్చుకుంటారా?

కట్నం. ఇక్కడ నా అభిప్రాయం మెత్తగా చెప్పలేను. "నాకేం అక్కర్లేదు, మా అమ్మావాళ్లే అడుగుతున్నారు" అనే అబ్బాయి తీసుకుంటున్నట్టే. కారు వచ్చి అతని వాకిట్లోనే నిలబడుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే, మామూలుగా ఐదేళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, సొంత తల్లిదండ్రుల ముందు ఒక "వద్దు" చెప్పలేని మనిషి రేపు మీ తరఫున ఏ మాట చెప్పగలడు? అలాగే ప్యాకేజీని బట్టి రేటు కట్టే పద్ధతిని లోలోపల ఇష్టపడి, "మా ఆయనకు ఇంత ఇచ్చాం" అని చెప్పుకోవాలని ఉంటే, ఆ కోరిక ఎవరి మెప్పు కోసమో మీ మొదటి కాగితంలో చూసుకోండి.

ఎక్కడ ఉండాలి, ఎవరిని చూసుకోవాలి. బెంగళూరు ఇక్కడికి రెండొందల కిలోమీటర్లు దాటి ఉంటుంది. వారం వారం వచ్చిపోవచ్చని అనుకుంటాం, మొదటి ఏడాది వస్తాం కూడా. "మీ అమ్మకో మా నాన్నకో ఒళ్లు బాగాలేక నాలుగు నెలలు మంచం మీద ఉంటే ఇద్దరిలో ఎవరు సెలవు పెడతారు?" అని అడగండి. కోడలే కదా చూసుకోవాల్సింది అన్నట్టు వస్తే, మీ ఉద్యోగానికి వాళ్లిచ్చే విలువ తెలిసిపోయినట్టే.

కులం, గ్లాసు, వంటిల్లు. దీన్ని అడగడం కంటే చూడడం మంచిది. ఇంటి పనికి వచ్చే ఆమెకు టీ ఏ గ్లాసులో ఇస్తారు? వేరే కులం, వేరే మతం స్నేహితులు ఇంట్లో ఎక్కడిదాకా వస్తారు? ఒకే కులం అయినంత మాత్రాన మీ ఇద్దరి మర్యాద ఒకటే అని అనుకోకండి, కులం వేరైనంత మాత్రాన ఆ మనిషికి ఈ పట్టింపులు లేవనీ అనుకోకండి.

పిల్లలు ఎప్పుడు, ఆడపిల్ల పుడితే ఏమంటారు, పిల్లలు ఆలస్యమైతే మగవాళ్లు కూడా పరీక్షకు వెళ్తారా, పూజలూ ఉపవాసాలూ ఎంతవరకు, మాంసం వండుతారా లేదా. ఇవన్నీ చిన్న ప్రశ్నలే, నేరుగా అడిగేయొచ్చు.

నాలుగో అడుగు: మాట అయ్యాక మనిషిని చూడండి

ధర్మవరంలో పెళ్లి పట్టుచీర కొనేటప్పుడు మడత విప్పి, వెనక్కి తిప్పి, జరీ పట్టి చూసి, వెలుతురులోకి తీసుకెళ్లి చూస్తాం. మనిషికి మాత్రం పెళ్లిచూపుల్లో మేడ మీద పదిహేను నిమిషాలు ఇస్తారు. ఇది చాలదని ఇంట్లో చెప్పే హక్కు మీకుంది. "నాకు మూడు నెలలు మాట్లాడుకునే టైం కావాల, అప్పటిదాకా తాంబూలాలు వద్దు" అని ముందే చెప్పండి. తాంబూలాలు మార్చుకున్నాక వెనక్కి రావడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

సప్తగిరి సర్కిల్ దగ్గర ఇద్దరు కూర్చుని కాఫీ తాగితే సాయంత్రానికి ఇంట్లో తెలిసే ఊరు మనది. కాబట్టి సంబంధం పెద్దల ద్వారా వచ్చి ఉంటే దాచకుండా కలవండి. అన్ననో, వదిననో తోడు తీసుకెళ్లినా పర్వాలేదు, వాళ్లను పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. కబుర్లు చెప్పుకోవడంతో ఆగకుండా కలిసి ఒక పని చేయండి. ఎవరి పెళ్లికో కానుక కొనడం, టికెట్లు దొరకని రోజు ప్రయాణం సర్దుకోవడం లాంటివి. బస్సు తప్పిపోతే ఎవరిని తిడతారో, చిల్లర విషయంలో ఆటోవాడితో ఎలా మాట్లాడతారో గమనించండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది మీ "వద్దు"కు వచ్చే స్పందన. పరీక్ష పెట్టాలని కాదు, మీకు నిజంగా ఇష్టం లేని విషయం వచ్చినప్పుడు వద్దని చెప్పండి. ఆ రాత్రి ఫోన్ ఎత్తకుండా శిక్షిస్తున్నారా, సరేనని చెప్పి రెండ్రోజుల తర్వాత దెప్పుతున్నారా, ఎందుకు వద్దన్నావని మామూలుగా అడుగుతున్నారా? ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, ఎక్కడున్నావో లొకేషన్ పెట్టమనడం ప్రేమ అనుకోవద్దు.

ఐదో అడుగు: పెద్దల్ని సమాచారం అడగండి

పెద్దవాళ్లను "ఈ సంబంధం ఎట్లుంది?" అని అడిగితే తీర్పు ఇస్తారు. ఆ తీర్పులో సగం వాళ్ల పరువు లెక్కలుంటాయి. చిన్న చిన్న విషయాలు అడిగితే వాళ్లకు తెలిసినంత ఏ మ్యారేజ్ బ్యూరోకూ తెలియదు. "మామా, ఆ ఇంట్లో కోడళ్లు పుట్టింటికి ఎన్నాళ్లకొకసారి వస్తారు?" "జేజీ, వాళ్ల పొలం పంపకాలు గొడవ లేకుండా అయినాయా?" "అబ్బోడు ఊరికొస్తే ఎవరితో తిరుగుతాడు?" ఇలా అడిగితే పెద్దలకూ తమను పక్కనపెట్టలేదన్న తృప్తి ఉంటుంది. మీరే చూసుకున్న మనిషి గురించి కూడా ఇలాగే ఆరా తీయండి. ప్రేమలో ఉన్నప్పుడు మన కంటికి కనపడనివి మేనమామ కంటికి కనపడతాయి.

మేనరికమైతే ఒక డాక్టరు సలహా తప్పకుండా తీసుకోండి. మేనమామ, మేనకోడలు జన్యువుల్లో నాలుగో వంతు పంచుకుంటారు, మేనబావా మరదళ్లు ఎనిమిదో వంతు. పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పు అందువల్ల పెరుగుతుంది. మేనరికం కాకపోయినా తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) క్యారియర్ పరీక్ష ఇద్దరూ చేయించుకోవడం మంచిది. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

ఆరో అడుగు: ఇంట్లో చెప్పడం

ముందు ఒక హెచ్చరిక. మీ ఇంట్లో ఇదివరకే కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, చంపుతామని బెదిరించడం జరిగి ఉంటే ఈ అడుగు వదిలేసి నేరుగా తర్వాతిదానికి వెళ్లండి. ప్రాణం మీదికి వచ్చే చోట మంచి మాటల మీద ఆధారపడొద్దు.

మిగతా ఇళ్లలో, మొదట ఒక్కరికి చెప్పండి. ఆ ఒక్కరు నాన్నతో ధైర్యంగా మాట్లాడగలవాళ్లయి ఉండాలి. చాలా ఇళ్లలో అది జేజి అవుతుంది. బంధువుల పెళ్లిలోనో, పండగ రోజో చెప్పొద్దు. పదిమంది ఉన్న చోట నాన్న పదిమంది కోసమే మాట్లాడతారు.

"నాన్నా, నీతో ఒక మాట మాట్లాడాల. నువ్వు ఇప్పుడే ఒప్పుకోవద్దు, ముందు విను." ఇలా మొదలుపెట్టొచ్చు. "మనోళ్లల్లో తలెత్తుకోని తిరగలేను పిల్లా" అంటే, "ఈ కాలంలో కూడా కులమేంటి నాన్నా" అని క్లాసు పీకొద్దు. "నీకు పడే మాటలు నాకు తెలుసు నాన్నా, అది నాకూ బాధే. ఆయన గురించి నువ్వేం తెలుసుకోవాలన్నా అడుగు, దాచకుండా చెప్తా" అనండి. ఆ తర్వాత నిశ్శబ్దంగా ఉన్నా పర్వాలేదు. మొదటి రోజే అవునో కాదో రాబట్టాలని చూస్తే కాదనే వస్తుంది.

"చిన్నదాని పెళ్లి ఎట్లయ్యేది?" అన్న మాట చాలా ఇళ్లలో వస్తుంది. అది నిజమైన భయం, కొట్టిపారేయకండి. చెల్లెలి మనసులో ఏముందో ముందు ఆమెనే అడగండి. ఆగడానికి మీరూ, మీరు ఎంచుకున్న మనిషీ సిద్ధమైతే ఎప్పటిదాకా అన్నది నెల, సంవత్సరంతో సహా ఇంట్లో చెప్పండి. గడువు లేకుండా ఆగడం అవతలి మనిషికి అన్యాయం.

నచ్చని సంబంధాన్ని వద్దనేటప్పుడు కూడా కారణం మీ కాగితం నుంచే చెప్పండి. "అబ్బాయి మంచోడే, కానీ పెళ్లయ్యాక నేను ఉద్యోగం చేయడం ఆయనకు ఇష్టం లేదు. నాకు అది ముఖ్యం." ఇంత చాలు. ఎదుటివాళ్లలో లోపాలు పట్టి చెప్పక్కర్లేదు.

ఏడో అడుగు: చట్టం దారి తెలుసుకుని ఉంచండి

అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే పెళ్లి వాళ్ల ఇష్టం. ఇంటివాళ్ల, కులపెద్దల అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తి వాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. బెదిరింపులున్న జంటలకు రక్షణ కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. అత్యవసరమైతే 112కు, మహిళలు 181కి ఫోన్ చేయొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. వాళ్ల హెల్ప్‌లైన్ 15100. ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్ మీ చేతిలో ఉండేలా చూసుకోండి.

ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు. మతాలు వేరై, ఎవరూ మతం మారకూడదనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది కాబట్టి ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్లు శ్రీ సత్యసాయి జిల్లా కింద చూసుకోవాలి. నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. బెంగళూరులో ఇస్తే ఇక్కడ తెలియదనుకోవద్దు, శాశ్వత చిరునామా అనంతపురమైతే ఒక కాపీ ఇక్కడికీ వస్తుంది. 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు గానీ, వయసు, ఇదివరకే పెళ్లయి ఉండడం, దగ్గరి రక్తసంబంధం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి లాంటి చట్టంలో ఉన్న కారణాలే చెల్లుతాయి. మాకు ఇష్టం లేదన్నది కారణం కాదు.

నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ కొత్తగా ఇవ్వాలి. పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. ముగ్గురినీ స్నేహితుల్లోంచే తీసుకెళ్లకుండా, వీలైతే ఒకరైనా ఇంటి మనిషి ఉండేలా ముందే అడిగి చూడండి. చిన్నాయనో, మేనత్తో సంతకం పెట్టి ఉంటే, కోపం తగ్గాక ఇంటికి పోయేటప్పుడు మీతో కూడా వచ్చే మనిషి ఒకరుంటారు.